డబ్బాలో నా గొంతు

మా నాన్న రైల్వేలో గార్డు. ఆయన గట్టిగా దగ్గితే ఊరవతల భన్‌పురిలో లారీలు బ్రేకులు వేసేవని మా కాలనీలో చెప్పుకునేవారు. చెప్పింది నేనే అనుకోండి, అయినా చెప్పుకునేవారు. ఆ గొంతే నాకూ వచ్చింది. రాయ్‌పూర్ రైల్వే కాలనీ పక్కన తెలుగువాళ్ళు నడుపుకునే చిన్న బడిలో నేను సోషల్ మాస్టారిని. నేను పాఠం అందుకుంటే పక్క గదిలో లెక్కల మాస్టారు సుద్దముక్క కిందపెట్టి తనూ వినేవాడు.

అలాంటి గొంతు, ఎనభైల చివర్లో ఒక క్రిస్మస్ వెళ్ళగానే బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగాను, తమలపాకు నమిలాను. చివరికి మా ఆవిడ తను నర్సుగా పనిచేసే ఆసుపత్రికే లాక్కెళ్ళింది. డాక్టరు నోట్లోకి అద్దం పెట్టి చూసి, గొంతులో చిన్న కాయ ఉంది, వారంలో తీసేద్దామన్నాడు. తీశాక నెల్లాళ్ళు మాట కూడదు, గుసగుస అసలే కూడదు.

"ఆ తర్వాత గొంతు వస్తుందా?" అన్నాను.

"చూద్దాం" అన్నాడు.

ఆ 'చూద్దాం' నాకు రుచించలేదు. దర్జీకి చేతులెంతో మాస్టారికి గొంతంత. అది పోతే నాకు ఇంకో పని రాదు.

ఇంటికొచ్చే దారిలో మా ఆవిడ మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏవండీ, నెల్లాళ్ళు నోరు మూసుకుని ఉన్నది మీ జన్మలో ఎప్పుడైనా ఉందా? పుట్టకముందు తప్ప?"

మర్నాడు హెడ్‌మిస్ట్రెస్ గారు పిలిచారు. "మాస్టారూ, మార్చిలో పదో తరగతికి బోర్డు పరీక్షలు. కమిటీవాళ్ళు మీ బదులు ఇంకొకర్ని చూడమంటున్నారు. హిందీ మాస్టారు దొరుకుతాడు. కానీ హిందీ పుస్తకం ముందు పెట్టుకుని మన పిల్లలకు తెలుగులో విడమర్చి చెప్పేవాణ్ణి ఎక్కణ్ణుంచి తేను?"

ఆపరేషన్‌కి ఇంకా వారం ఉంది. బొంగురుదైనా గొంతు ఉంది. ఇంట్లో మా ఆవిడ పాటలు వినే టూ-ఇన్-వన్ టేపురికార్డరు ఉంది. మిగిలిన పాఠాలన్నీ అందులోకి ఎక్కించేస్తానని మాటిచ్చి వచ్చేశాను.

క్యాసెట్లే లేవు. ఉన్నవన్నీ ఆవిడ క్రిస్మస్ పాటలవి. వాటి మీద మళ్ళీ రికార్డు చేయకుండా పైఅంచున చిల్లులు వదిలేసి ఉంటాయి కదా, ఆసుపత్రి ప్లాస్టరు చించి ఆ చిల్లులు తనే మూసిపెట్టింది. "దేవుడు క్షమిస్తాడేమో గానీ నేను క్షమించను. వచ్చే క్రిస్మస్‌కి కొత్తవి కొని తేవాలి, సమఝయ్యిందా?"

వంటింట్లో కూర్చుని ఋతుపవనాలతో మొదలుపెట్టాను. అలవాటు కొద్దీ మా తాత పులిమీదెక్కి అభన్‌పూర్ సంతకు వెళ్ళిన కథ ఎత్తుకున్నాను. ఆవిడ టక్కున ఆపేసింది.

"ఒకవైపు అరగంటే వస్తుందండీ. మీ తాత పులి దిగేలోపు టేపైపోతుంది. వాన ఎప్పుడు పడాలి?"

పులిని దింపేశాను. నా జన్మలో కోతల్లేకుండా చెప్పిన పాఠాలు ఆ టేపుల్లోవే. కోతలు లేకపోయినా కుక్కర్ కూతలున్నాయి, పాలవాడి కేకలున్నాయి, ఒకచోట నాగ్‌పూర్ వైపు వెళ్ళే గూడ్సు మొత్తం ఉంది.

ఆపరేషన్ అయింది. తీసిన కాయ చెడ్డది కాదని తేలింది. మాట సంగతి మాత్రం నెల గడిస్తే గానీ తెలియదు. ఇంట్లో ఉండలేక, మెడకు మఫ్లర్ చుట్టుకుని నా క్లాసులో నేనే వెనక బెంచీ మీద కూర్చున్నాను. టూ-ఇన్-వన్‌ను నా కుర్చీలో పెట్టారు. పిల్లలు లేచి నిలబడి దానికి నమస్తే పెట్టారు.

పావుగంట విన్నాక ముందు బెంచీవాడు పక్కవాడితో అన్నాడు. "అరే, సార్ కన్నా డబ్బానే నయంరా. కోతల్లేవు యార్!" తర్వాత నేను వెనకున్నానని గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు. తిట్టడానికి గొంతు లేదు. వాడి అదృష్టం.

పాఠం అయిపోయిన మరుక్షణం డబ్బాలోంచి, చెరగకుండా మిగిలిన చర్చి పాట పిల్లల మేళంతో సహా అందుకుంది. ఋతుపవనాలు వెనుదిరగ్గానే దేవదూతలు దిగివచ్చారు. మూడో రోజుకి క్లాసంతా వంతపాడటం మొదలుపెట్టింది.

బటన్లు నొక్కే పని ఒక గ్యాంగ్‌మన్ కూతురికి అప్పజెప్పారు హెడ్‌మిస్ట్రెస్ గారు. శ్రీకాకుళం వైపు నుంచి కిందటేడే వచ్చింది. హిందీ అంతంతమాత్రం. క్లాసులో నోరు తెరిచి ఎరగదు. మాటలు లేని పిల్ల కాబట్టి బటన్లు శ్రద్ధగా నొక్కుతుందని ఆవిడ నమ్మకం.

నొక్కింది. "నేల తొందరగా వేడెక్కుతుంది, సముద్రం ఆలస్యంగా వేడెక్కుతుంది, అందుకే గాలి సముద్రం మీంచి నేలవైపు తిరుగుతుంది" అన్నాను డబ్బాలో. కిర్రుమని చప్పుడు. మళ్ళీ అదే అన్నాను. మళ్ళీ కిర్రు. మళ్ళీ అన్నాను.

"ఏంటే, మళ్ళీ అక్కడికే పోయింది?" అన్నాడు ముందు బెంచీవాడు.

"మిసను పాతదిరా. ఇరుక్కుపోతంది. నానేటి సేసేది?" అందా పిల్ల, మొహంలో ఒక్క గీత కదలకుండా.

నాకు వెనకనుంచి ఆమె వేలు కనిపిస్తూనే ఉంది. మిషనుకు ఏ రోగమూ లేదు. అర్థమయ్యేదాకా నన్ను వెనక్కి తిప్పుతోంది. మూడోసారికి తలవంచి గబగబా రాసుకుంది. తమాషా ఏమిటంటే, విసుక్కున్నవాడు కూడా ఆ మూడోసారికే పెన్ను అందుకున్నాడు.

ఇన్నేళ్ళూ నేను "అర్థమైందా?" అంటే క్లాసంతా "అయింది సార్!" అని బడి కప్పు లేపేది. ఇంత గొంతున్నవాణ్ణి రెండోసారి అడగడానికి ఎవరికి ధైర్యముంటుంది? డబ్బా ముందు ఎవరికీ సిగ్గులేదు. అది విసుక్కోదు, ఇంట్లో చెప్పదు, పులి కథలోకి దూకదు.

ఆ సాయంత్రం పలక మీద రాసి మా ఆవిడకు చూపించాను: ఆ పిల్ల నన్ను రెండుసార్లు వెనక్కి తిప్పింది.

"ఎంత అదృష్టవంతురాలు! పెళ్ళైనప్పటి నుంచీ నేను మీకు ఆపే బటన్ ఎక్కడుందా అని వెతుకుతున్నా" అంది.

నెల గడిచింది. డాక్టరు అద్దం పెట్టి చూసి, "'ఈ' అనండి" అన్నాడు. తెరిచిన నోటితోనే ఊపిరి పీల్చుకున్నాను. లోపల ఏమీ లేకపోతే? పక్కనున్న మా ఆవిడ, ఎప్పుడూ వెక్కిరించే మనిషి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఈ..."

మేకపిల్ల అరుపులా వచ్చింది. అయినా వచ్చింది. డాక్టరు తలూపాడు. "గట్టిగా అరవకండి. రోజురోజుకీ బాగవుతుంది." మా ఆవిడ చెయ్యి వదిలేసి కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అయితే నా ప్రశాంతత ఖతమ్" అంది.

మర్నాడు డబ్బాను నా కుర్చీలోంచి బల్ల మీదికి జరిపి నేనే నిలబడ్డాను. తూర్పున ఉన్న ఊళ్ళలో సూర్యుడు ముందుగా ఎందుకు ఉదయిస్తాడో సన్నగా, నెమ్మదిగా చెప్పాను. వినడానికి పిల్లలు బెంచీల మీంచి ముందుకు వంగారు. లెక్కల మాస్టారు పక్కగదిలో తన పాఠం తనే చెప్పుకుంటున్నాడు. చెప్పడం అయ్యాక అలవాటుగా అడగబోయాను, "అర్థ..."

ఆ పిల్ల లేచింది. చూపుడువేలు గాల్లో వెనక్కి తిప్పింది.

"మేస్టారూ, ఎనక్కి."

క్లాసంతా నవ్వింది. ఆమె కూర్చోలేదు. నేను గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళు తాగి, మొదటి నుంచీ మళ్ళీ చెప్పాను. రెండోసారికీ గొంతు నిలిచింది. అప్పుడు ముందు బెంచీవాడు చెయ్యెత్తాడు.

"సార్, మరి పాట?"