నాలుగో పిడికెడు

మూడు నెలల్లో వచ్చి తీసుకుపోతానని నా కూతురు మార్తకు మాట ఇచ్చి, మా అల్లుడు ప్రభాకర్ హైదరాబాదులో ఫ్లాట్లు అమ్మడానికి బీదర్‌లో బస్సెక్కి ఆరేళ్లయింది.

మార్త వంటకు ముందు ఇంట్లో ఒక్కొక్కరి పేరున పిడికెడు బియ్యం తీసి చర్చికి దాస్తుంది. ఈ రోజు ఆసుపత్రి డ్యూటీ నుంచి అలసి వచ్చి తనకూ, తన పాపకూ, నాకూ తీసి, నాలుగోది కూడా తీసింది. డబ్బాలో బియ్యం అడుగంటాయి.

"వాడి పేరున ఇంకెందుకు బిడ్డా? ఆ గింజలు పాపకు వండు" అన్నాను.

"తియ్యకుంటే కోపమే మిగుల్తది నాయినా. కోపంతోని పిల్లకు అన్నం పెట్టుడు నాతోని కాదు."

దీనికి జవాబు మీకు తోస్తే చెప్పండి. మార్త సగం కడుపుతో లేచింది. నేను తప్పుపట్టేది దేవుణ్ణి కాదు, ప్రభాకర్‌ని.