రమణత్త సరిచేసిన ముందు చక్రం

మా చిన్నప్పుడు... నాయన కారు వేగం అరవై దాటిందంటే స్టీరింగు గజగజ వణికేది. మార్కాపురంలో బాడుగకు తిప్పే పాత అంబాసిడర్ మాది. ఆ వణుకుకు భయపడి ఎక్కినవాళ్లు సగం దారిలోనే దిగిపోతామనేవారు. బాడుగలు తగ్గాయి... ఇంట్లో అమ్మ మాటలూ తగ్గాయి.

కనిగిరిలో ఒక షాపులో చూపిస్తే, బరువు అన్ని పక్కలా సమం కావాలని ముందు చక్రం రిమ్ముకు వరసగా సీసం ముక్కలు కొట్టి పంపారు. నాలుగు రోజులకే మళ్లీ వణుకు. ఈసారి రిమ్మే పనికిరాదు, మార్చుకోమన్నారు.

గిద్దలూరు రోడ్డులో రమణత్త టైర్ల దుకాణం ఉండేది. మాకు చుట్టం కాదు, ఊరందరికీ అత్తే. భర్త పోయాక ఆ పనంతా తనే చేసేది, బోర్డు మీద మాత్రం తన పేరు లేదు. ఆడమనిషి చేతికి చక్రం ఇవ్వడానికి నాయనకు మనసొప్పలేదు. వేరే దారి లేక ఒక ఉదయం నన్నూ వెంటబెట్టుకుని వెళ్లాడు.

అత్త కొత్త సీసం ముట్టుకోలేదు. ఉన్న ముక్కలన్నీ పీకేసింది. రిమ్ము వెనక ఎండి గట్టిపడిన మట్టిని గీకేసింది... పుల్లలచెరువు బాటల మట్టి, దోసెడు రాలింది.

తర్వాత స్టాండుకు బిగించిన పాత హబ్బుకు, అంటే చక్రం తిరిగే ఇరుసు బిళ్లకు, చక్రాన్ని ఎక్కించి, మెల్లగా తిప్పి వదిలింది. ఎన్నిసార్లు తిప్పినా ఒకే చోటు కిందికొచ్చి ఆగుతోంది. బరువు అక్కడే ఉందన్నమాట. అక్కడ టైరుకూ రిమ్ముకూ సుద్దతో గీత పెట్టింది. టైరు ఊడదీసి ఉత్త రిమ్మును తిప్పింది. అదీ ఆ గీత దగ్గరే ఆగింది...

"రిమ్ముది తప్పేం లేదన్నా. దీని బరువు, టైరు బరువు ఒకే పక్కన కూడినాయి. అందుకే అంత సీసం అడిగింది" అంది.

టైరు గీత రిమ్ము గీతకు సరిగ్గా అవతలి పక్కకు వచ్చేలా తిప్పి బిగించింది. ఒక్క చిన్న సీసం ముక్కతో చక్రం నిలకడకొచ్చింది.

చక్రం కారుకు బిగించాక అత్త ముందు సీట్లో కూర్చుని, గిద్దలూరు వైపు పోనిమ్మంది. అరవై... డెబ్బై... నాయన పిడికిళ్లు బిగించే ఉన్నాడు.

"చేతులు వదులు చెయ్యన్నా" అంది అత్త.

చేశాడు. స్టీరింగు కదల్లేదు. నాయన అడిగాడు, "నీకు ఈ పని ఎట్ల అబ్బింది రమణమ్మా?"

"అబ్బలేదన్నా. ఎందుకు అక్కడే ఆగుతాదో తెలిసేదాకా తిప్పుకుంటా కూర్చున్నా. అంతే."

ఆ రోజు నుంచి నాయన ప్రతి డ్రైవరుకూ ఆమె పేరే చెప్పాడు. దొనకొండ నుంచి కూడా కార్లొచ్చేవి. మోకాళ్లు అరిగి కింద కూర్చోలేకపోయేదాకా అత్త ఆ పని వదల్లేదు.

ఇప్పుడు మెషీన్ ఎన్ని గ్రాముల సీసం కావాలో చెబుతుంది, అంత అంటించి పంపుతారు. పని తొందరగానే అవుతోంది... అంత బరువు ఎందుకు పడిందని ఆగి చూసే ఓపికే ఎవరికీ లేదు.

మీ ఊళ్లోనూ బోర్డు మీద పేరు లేని ఇలాంటి పనిమంతురాలు ఉండే ఉంటుంది... ఆమె పేరు ఇక్కడ రాయండి. ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా.