లెవి పట్టాలకి చింతపండు

ఏమర్రా, ఫోనుల్లో ఎవడెవడి పెళ్లిళ్లో అన్నీ చూస్తారు. మన లెవి తాత ఎట్టాంటి మనిషి నానమ్మా అని ఒక్కరైనా అడిగారా? మెర్లినూ, చిన్నప్పుడు నీ నోట్లో చాక్లెట్టు పెట్టని రోజు లేదు ఆయన. మీ తాతకి సొంత తమ్ముడు, నాకు మరిది. ఫోను పక్కన పెట్టి వినండి.

లెవి ఇక్కడే, ఈ ఎడారి దేశంలో, మన అల్ మవాలేలో, కంపెనీ బస్సు నడిపేవాడు. పెళ్లాం సెలిన్ ఆసుపత్రిలో నర్సు. పిల్లల్లేరు. ఇల్లు ఖాళీ చేసి దేశం పోతున్న దొర ఒకడు ఓ పెట్టె ఇచ్చిపోయాడు. అందులో జానెడు ఇంజను, చిన్న చిన్న బోగీలు, పట్టాలు. ఇంక చూస్కో! హాల్లో మంచమంత బల్ల వేయించి దానిమీద పరిచాడు.

"ఏవయ్యా మరిదీ, ఈ దేశంలో మనుషులెక్కడానికే రైలు లేదు. నీకెందుకయ్యా?" అన్నాను.

"అందుకే వదినా, మనింట్లోనన్నా ఒకటి ఉండాలిగా," అన్నాడు.

ఆ రైలుకి కరెంటు పట్టాల్లోంచే చక్రాల్లోకి పోద్దంట. ఇక్కడి దుమ్ము తెలిసిందేగా, కిటికీ మూసినా అన్నంలోకి వస్తది. పట్టామీద పిసరంత మురికి చేరిందా, ఇంజను గొంతులో ముల్లు పడ్డట్టు ఆగిపోయేది. అందుకని శుక్రవారం, ఇక్కడ సెలవు ఆ రోజేగా, చర్చి నుంచి రాగానే పాత పంచె ముక్క చెక్కకి చుట్టి, స్పిరిట్‌లో తడిపి, గుడ్డకి నలుపంటడం మానేదాకా తుడిచేవాడు. గరుకు కాగితం తాకనిచ్చేవాడు కాదు, గీతలు పడితే వాటిల్లో మురికి దాక్కుంటదని. సొంత బూట్లకి ఏనాడూ అంత సేవ చేసుకోలేదు.

సెలిన్‌కి ఒళ్లు మండింది. ప్రార్థన కూడిక తనింట్లో పెట్టుకోవాలని దాని ఆశ. హాలంతా బల్లే ఉంటే జనం ఎక్కడ కూర్చుంటారు?

"ఈసారి కూడిక మనింట్లోనే. అందరి ముందు మీ రైలు ఒక్క చుట్టు ఆగకుండా తిరిగితే బల్ల ఉంటది. ఆగిందా, తెల్లారి అట్టపెట్టెలోకే," అని తేల్చేసింది.

కూడిక రోజు లెవి డ్యూటీలో ఉన్నాడు. అంత పంతం పట్టిన పిల్లకే, మొగుడు నలుగురిలో చిన్నబోతాడేమోనని మనసు పీకింది. పట్టాలు మసకగా కనపడ్డాయి. మనాళ్ల బుద్ధి ఎక్కడికి పోద్ది? చింతపండూ ఉప్పూ కలిపి, ఇత్తడి బిందె తోమినట్టు తోమి, తడిగుడ్డతో తుడిచింది. తళతళా మెరిశాయి.

సాయంత్రం ఇల్లంతా జనం. పాటలయ్యాయి, వాక్యం అయింది. లెవి స్విచ్చి వేశాడు. ఇంజను మూరెడు పోయి ఆగింది. వేలితో తోస్తే ఇంకో మూరెడు.

"ఏం బావా, సిగ్నలివ్వలేదా?" అన్నాడు ప్రసాద్ బాబు, సెలిన్ తమ్ముడు. అందరూ నవ్వారు. సెలిన్ నవ్వలేదు. పందెం గెలిచిన మనిషి, కొంగు నలుపుకుంటా వంటింటి గుమ్మంలో నించుంది.

లెవి పట్టామీద వేలు రాశాడు. జిగట. వాసన చూశాడు. పులుపు. పెళ్లాం వైపు చూశాడు. ఇంకోడైతే అక్కడే కేకలేసేవాడు. మా మరిది ఏమన్నాడో తెలుసా? "భోజనాలకి ఆగిందర్రా. ముందు మీరు తినండి."

జనం బిర్యానీ మీద పడ్డారు. వీళ్లిద్దరూ బల్ల దగ్గర మిగిలారు.

"మెరవాలని తోమానండీ," అంది.

"మెరిసింది సెలినూ. బిందెకి కరెంటు అక్కర్లేదు, దీనికి కావాలి. అంతే. ఆ గుడ్డ ఇటివ్వు."

తను పట్టాలు తుడిచింది, వాడు చక్రాలు. ఇంజను సగం పట్టామీద, సగం స్పిరిట్ గుడ్డమీద పెట్టి, కరెంటిచ్చి చక్రాలు తిప్పితే గుడ్డకి నల్లటి చారలు పడ్డాయి. మళ్లీ స్విచ్చి వేశాడు. తిరిగింది! ఒక్క చుట్టు కాదు, నోరు తెరుచుకుని చూస్తున్న ప్రసాద్ బాబు చేతిలో ఐస్‌క్రీం కరిగిపోయేదాకా.

బల్ల జోలికి ఇంకెవరూ పోలేదు. కూడికప్పుడు దాని చుట్టూ చాపలేసుకునేవాళ్లు. "నర్సు చెయ్యి, మీకంటే శుభ్రం," అని పట్టాలు తుడిచే పని సెలినే లాక్కుంది. వాడు పక్కన టీ తాగుతా వంకలు పెట్టేవాడు.

కరోనాకి ముందు వేసవిలో గుండె ఆగి పోయాడు. అరవై రెండేళ్లు. అట్టాంటి మనిషర్రా మీ లెవి తాత.