డాక్టరమ్మ రాసుకోని మాట

పద్నాలుగేళ్లుగా నా గుండెల మీద ఒక మనిషి కూర్చుని ఉంది. లేవదు. నేను లేపలేను. ఆమె మా అత్తమ్మ. రాయవే మనవరాలా, ఆగకు. నువ్వు ఆగితే నేనూ ఆగిపోతాను.

గన్నవరంలో ఇంటింటికీ తిరిగి చేపలు అమ్మేదాన్ని. వాగుడు ఎక్కువ నాకు, అదే నా వ్యాపారం. కొరమేను కొనేదాకా ఏ ఇల్లాలినీ గుమ్మంలోంచి కదలనిచ్చేదాన్ని కాదు. ఇంత వాగేదాన్ని, ఈ ఒక్క సంగతి మాత్రం కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. అది తెలియకుండానే ఆయన పోయాడు. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అత్తమ్మకి మతిమరుపు జబ్బు. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూనే అన్నం పెట్టలేదనేది. కన్నకొడుకుని, మా ఆయన్ని చూసి, ఎవరీ మగమనిషి అని కొంగు కప్పుకునేది. నేను ముల్లు తీసి నోట్లో పెడితేనే ముద్ద మింగేది. నా మెడ కింద మొహం పెట్టుకుని పడుకునేది.

అప్పుడే నాకు దగ్గు పట్టుకుంది. నెలలు గడిచినా తగ్గలేదు. ఎరిగినవాళ్లు లేని చోట చూపించుకుందామని విజయవాడ వెళితే, టీబీ అన్నారు. మాత్రలిచ్చారు. ఇంట్లోవాళ్లందర్నీ పరీక్షకి తీసుకురమ్మన్నారు. ఎవర్నీ తీసుకెళ్లలేదు. మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకుని మింగాను. టీబీ మనిషి గంపలోని చేప ఎవరు ముట్టుకుంటారు? ఆ గంప ఉంటేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. అదొక్కటేనా కారణం? కాదు. సిగ్గు. జనం నన్ను చూసి పక్కకి తప్పుకుంటారన్న భయం.

ఒక డాక్టరమ్మ నెలనెలా మా ఇంటికి వచ్చేవారు. మతిమరుపు ఉన్న ముసలివాళ్లకి అంటురోగాలు ఎలా వస్తాయో, ఎందుకు ఆలస్యంగా బయటపడతాయో చూసి, డాక్టర్లు చదివే పత్రికల్లో అచ్చు వేయించేవారు. నేను మాత్రలు మొదలెట్టిన నెల అత్తమ్మకి సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలిపోతోంది. చిక్కి పుల్లయిపోయింది. డాక్టరమ్మ కాగితం తీసి నన్ను అడిగారు.

“ఏమ్మా, ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?”

“లేదండీ.”

“ఎందుకు లేదూ?” మంచం మీంచి అత్తమ్మ అందుకుంది. “దీనికే! ఒకటే దగ్గుద్ది. గుడ్డలో ఉమ్మేసి మడతెట్టుద్ది. నేను చూశాగా.”

నేను నవ్వాను. నవ్వాను చూడండి. “ఆవిడ మాటలకేం లెండి డాక్టరమ్మగారూ. నిన్న పొయ్యిలో చేపలు ఈదుతున్నాయంది. మతి లేదు కదండీ.”

అత్తమ్మ నా మొహంలోకి చూసింది. ఏదో వెతుక్కున్నట్టు చాలాసేపు చూసింది. “అంతేనా అమ్మాయ్? అంతేలే. నా మతి నాకే తెలీట్లా. రాసుకోకమ్మా.”

డాక్టరమ్మ రాసుకోలేదు. నేను చెప్పిందే రాసుకున్నారు.

నా దగ్గే ఆవిడకి అంటి ఉంటుందని ఆ క్షణంలో నాకు తెలియదా? తెలుసు. తెలియదని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో లెక్కలేదు గానీ, తెలుసు, నవ్వుతూ ఉన్నప్పుడు కూడా తెలుసు.

ఆ రోజు నుంచి అత్తమ్మ తన ఒంటిని తనే నమ్మడం మానేసింది. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, “ఇక్కడ నొప్పుందా నాకు?” అని నన్నడిగేది. లేదత్తమ్మా అనేదాన్ని. “అయితే లేదులే” అనేది.

రెండు నెలలకి అత్తమ్మకి దగ్గులో నెత్తురు పడింది. అప్పుడు పరీక్ష చేశారు. టీబీయే. మందు మొదలెట్టిన వారానికే పోయింది.

ఏడాది తర్వాత డాక్టరమ్మ అచ్చయిన కాగితాలు తెచ్చి, ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పారు. ఇంట్లో ఇంకెవరికీ టీబీ లేదట. ఎక్కడి నుంచి అంటిందో తెలియలేదట. రోగి మాట మీద ఆధారపడలేం కాబట్టి, చూసుకునే మనిషి మాటే తీసుకున్నారట. మీలా చూసుకునేవాళ్లు అరుదమ్మా అని నా చేతులు పట్టుకున్నారు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? టీ పెట్టి ఇచ్చాను.

ఇప్పుడు ఆ డాక్టరమ్మా లేరు. కాగితం మాత్రం ఉంది. అది చదివిన డాక్టర్లు ఎందరో, వాళ్ల ముందు మంచాల మీంచి నిజం చెబుతూ చెబుతూ నోరు మూసుకున్న ముసలివాళ్లు ఎందరో. మొన్న నా మనవరాలు నర్సింగ్ పరీక్షకి పాఠం పైకి చదువుకుంటోంది. మతిమరుపు రోగి సంగతి పక్కనున్నవాళ్లని అడిగి తెలుసుకోవాలట. అది ఆ కాగితంలోంచే వచ్చిందని నేననను. కానీ ఆ మాట విన్నాకే ఈ పిల్లని కూర్చోబెట్టి రాయమన్నాను.

క్షమించమని ఎవర్ని అడగను? అత్తమ్మ ఉన్నా ఏం లాభం? ఏం క్షమించాలో ఆవిడకే గుర్తుండదు. నువ్వేం చేశావే పిచ్చిదానా అని నన్నే ఓదార్చేది. అది తలుచుకుంటే ఇంకా భరించలేను.

రాస్తున్న పిల్ల తలెత్తడం లేదు. ఎత్తొద్దులే. ఇంకొక్క ముక్క రాయి, చాలు. అత్తమ్మ ఆ రోజు మతి ఉండే చెప్పింది. దగ్గింది నేనే.