మొదటి వాక్యంలోనే చనిపోయిన మమ్మీ

నేను చనిపోయానన్న సంగతి నాకు తెలిసింది పోయిన చలికాలంలో ఒక ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఉతకడానికని పెద్దమ్మాయి స్కూలు బ్యాగు ఖాళీ చేస్తున్నప్పుడు. లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో హిందీలో ఒక కథ మొదలుపెట్టి ఉంది. మొదటి వాక్యం, "రాజకుమారి వాళ్ళ మమ్మీ జ్వరమొచ్చి చనిపోయింది." రెండో వాక్యం, "రాజకుమారి బ్యాగు సర్దుకుంది." మమ్మీ గురించి అంతే. ఏడుపు లేదు, పదకొండో రోజు లేదు. ఖాళీ బ్యాగు పట్టుకుని మంచం మీద కూలబడ్డాను. ఇవాళ పాత కాగితాలవాడికి వెయ్యడానికి పుస్తకాలు కట్ట కడుతుంటే అదే నోటుబుక్కు మళ్ళీ చేతికొచ్చింది. దాన్ని పక్కకి తీసి, పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను.

తప్పు నాదే, మాయలూ మంత్రాల కథల పుస్తకాలు ఇంట్లోకి తెచ్చింది నేను. అలాగని పెద్ద చదువరినేమీ కాను. కుండీల్లో చామంతులు, వంటల వీడియోలు, పక్క క్వార్టర్ వాళ్ళ కొత్త కర్టెన్లు, వీటన్నిటికీ పోగా మిగిలిన టైములో రాజ్యాలూ శాపాలూ డ్రాగన్లూ ఉన్న లావుపాటి నవలలు చదువుతాను. మా రైల్వే కాలనీ లైబ్రరీలో ఐదు భాగాల నవల ఒకటుంది. మొదటి భాగాన్ని ఎవరో ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు సామానుతోపాటు పట్టుకుపోయారు, నాలుగోదాన్ని చెదలు తినేశాయి. అందుకని రెండో భాగంతో మొదలుపెట్టి, ఆ రాజుకి శాపం ఎందుకు తగిలిందో ఇప్పటికీ తెలియకుండానే అతని కోసం బాధపడుతున్నాను. నా అభిప్రాయం అడిగితే, ఇలాంటి పుస్తకానికి ముందు పేజీలో ఒక మ్యాపు ఉండాలి. యుద్ధాలొస్తే పేజీలు తిప్పేస్తాను. వాళ్ళు దారిలో ఏ పూటకూళ్ళింట్లోనో ఆగి పొగలు కక్కే పులుసు తాగే చోట మాత్రం నెమ్మదిగా చదువుతాను. కత్తికి ఒక పేరుంటుంది, ఆ పులుసు కాచినావిడకి ఉండదు. ఆరు నెలలు మంచుకొండల్లో నడిచినా ఒక్కరికీ జలుబు చెయ్యదు, ఒక్కరూ బట్టలు ఉతుక్కోరు. డ్రాగన్లని నమ్మగలను కానీ దీన్ని నమ్మలేను.

హిందీ ఊళ్ళో పెరుగుతున్న మా పిల్లలకి తెలుగు చదవడం సరిగ్గా రాదు. కనీసం వింటారు కదా అని సెలవు రోజుల్లో ఈ కథలన్నీ తెలుగులో చెప్పేదాన్ని. ఆ కథల్లోంచి పెద్దది ఏం నేర్చుకుందో ఆ రోజు తెలిసింది.

"నన్నెందుకు చంపావే?" అని అడిగాను.

"కహానీలో మమ్మీలు అంతే కదా మమ్మీ. నువ్వు చెప్పినవాటిలో ఒక్కళ్ళయినా బతికున్నారా?"

వేళ్ళ మీద లెక్కపెట్టాను. దొంగగా పెరిగిన రాజకుమారుడి తల్లి కాన్పులో పోయింది. మాంత్రికుడి శిష్యురాలి తల్లి వరదలో పోయింది. గుహలో పెరిగిన పిల్ల తల్లి అసలు పుస్తకం మొదలవకముందే పోయింది. ఇన్నేళ్ళు చదివి నేను గమనించలేదు. పదేళ్ళ పిల్ల గమనించింది.

"పోనీ, ఒక్క ముక్కలో జ్వరమేమిటి? కనీసం డ్రాగన్‌తో యుద్ధం చేసి పోవచ్చు కదా?"

"డ్రాగన్ అయితే బహుత్ టైమ్ పడుతుంది మమ్మీ. కథ లేటైపోతుంది."

ఏడేళ్ళ మా వాడు ఆశగా దగ్గరికొచ్చాడు. "దీదీ, నేనున్నానా?"

"నువ్వు గుర్రం."

వాడు సంతోషం పట్టలేక సకిలిస్తూ వరండాలోకి పరిగెత్తాడు. గుర్రానికి రంగు, తోక, మేత అన్నీ కలిపి ఒక పేజీ ఇచ్చింది. నాకొక వాక్యం.

ఇంతకీ బ్యాగు సర్దుకుని రాజకుమారి ఎక్కడికి వెళ్తోందా అని చూశాను. ఏడు కొండల అవతల ఒక మాయారాజ్యం ఉందట. దాని పేరు కోటా. గుర్రాన్ని చూసి వచ్చిన నవ్వు అక్కడ ఆగిపోయింది. కోటా అంటే మా బిలాస్‌పూర్ నుంచి కట్నీ లైన్లో గంట కూడా పట్టని ఊరు. ఆ వారంలోనే మా పెద్దది చదివే ఐదో తరగతి పిల్లల్ని రైల్లో అటువైపు పిక్నిక్‌కి తీసుకెళ్తున్నారు. ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టిన కాగితం మర్నాడు ఇవ్వాలి. చలి, నీళ్ళు, రైలు తలుపు అని మూడు కారణాలు చెప్పి నేను వద్దన్నాను. అడిగితే ఇంకో మూడు చెప్పేదాన్ని.

వరండాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అత్తగారు, "ఏటైనాదే, మొహం అలగెట్టీసినావు?" అన్నారు. చెప్పాను. ఆవిడ చేట పక్కనపెట్టి మరీ నవ్వారు. "పిల్లకి తెలివుంది. నువ్వు బతికుంటే కొండలు దాటనిస్తావేటి? ఒకేళ ఒగ్గీసినా, సొట్టర్ ఏసుకుందో నేదో చూడమని ఆ డ్రాగనుకే ఫోన్ చేసీగలవు."

ఆవిడ దెప్పింది బిల్హా సంగతి. అంతకుముందు ఏటి చలిలో పెద్దదాన్ని ఆవిడతో ఒక పెళ్ళికి బిల్హా పంపాను. లోకల్లో అరగంట. మా ఆయన గూడ్సు గార్డు. ఆ ఉద్యోగానికి ఇప్పుడేదో కొత్త పేరు పెట్టారు గానీ మా ఇంట్లో ఇంకా గార్డే. ఏ స్టేషన్లో చూసినా ఆయన స్నేహితులు ఒకరుంటారు. దాంతో రైల్వే ఇంటి ఇల్లాలు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పని చేశాను. దారిలో ఉన్న స్టేషన్లకి వరసగా ఫోన్లు చేసి, కాస్త పిల్లని చూడమన్నాను. బండి ఆగినచోటల్లా ఒక జెండా మనిషి కిటికీలోంచి తొంగిచూసి, గార్డ్ సాబ్ కూతురు ఎవరు, స్వెటర్ వేసుకుందా లేదా అని మమ్మీ అడుగుతోంది అని పెట్టె అంతా వినేలా హిందీలో కేకేశాడట. తిరిగొచ్చాక అది నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

సాయంత్రం ఆయన డ్యూటీ దిగి వచ్చాక, నా పక్షాన రెండు మాటలంటారని నోటుబుక్కు చేతికిచ్చాను. ఆయన బూట్లయినా విప్పకుండా మొదటి వాక్యం చదివి, "నీ బదులు రిలీవర్ రాకుండానే డ్యూటీ దిగిపోనావేటి? చార్జిషీట్ ఇచ్చీగలరు నీకు" అన్నారు. నేను నోటుబుక్కు లాక్కోబోయాను. ఇవ్వలేదు. చివరిదాకా చదివి, "ఇదంతా చూసినావా?" అని అడిగారు.

చూడలేదు. నా చావు, గుర్రం, కోటా దగ్గరే ఆగిపోయాను. మిగతా రెండు పేజీలూ అప్పుడు చదివాను. రాజకుమారి బయల్దేరే ముందు నీళ్ళ సీసా నింపుకుంది. రైల్లో తలుపు దగ్గర నిలబడలేదు. (ఏడు కొండల్లోనూ రైలే.) బండి పూర్తిగా ఆగాకే దిగింది. మాంత్రికుడు లడ్డూ ఇస్తే, తెలియనివాళ్ళు ఇచ్చింది తినను అంకుల్ అంది. మంచు మొదలవగానే గుర్రం చెవులకి మఫ్లర్ చుట్టింది. నేను అరిచి అరిచి చెప్పినప్పుడు ఒక్కటీ వినిపించుకోనట్టే ఉండేది.

"చచ్చిపోయి కూడా నువ్వే నడిపిస్తున్నావు కదే బండి," అన్నారు ఆయన, బూట్లు విప్పుకుంటూ.

పిల్ల పెద్దదవడానికి పదేళ్ళు పట్టింది. నాకు తెలియడానికి మాత్రం ఆ రెండు పేజీలు చదివినంతసేపే పట్టింది.

మర్నాడు పొద్దున్న ఇడ్లీల దగ్గర, సంతకం పెట్టిన కాగితం పెద్దదాని చేతిలో పెట్టాను. ఏ స్టేషన్‌కీ ఫోన్ చెయ్యనని ఒట్టు వేయించుకుంది, వేశాను. తనకీ ఒక కాగితం కావాలని గుర్రం పేచీ పెట్టింది. అప్పుడు ఇద్దరికీ కలిపి చెప్పాను. "కథల్లో నన్ను ఎన్నిసార్లయినా చంపుకోండి. ఊళ్ళకి మాత్రం నేను బతికుండగానే వెళ్ళి రండి."