పిడికిట్లో పెన్సిలు

ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్న అమ్మమ్మకు మనవరాలు పెన్సిలు పట్టుకుంటే చాలు, గుండె జారిపోతోంది. అయిదేళ్ల పిల్ల దాన్ని పిడికిట్లో బిగించి రాస్తుంది. వేళ్లు తిరగాలంటే చిన్న చిన్న వస్తువులు ఏరించమంది టీచరు. సరేనని అమ్మమ్మ రోజూ గుండీల డబ్బా బోర్లించి, రెండు వేళ్లతో ఒక్కొక్కటే సీసాలో వేయిస్తోంది. పిల్ల చకచకా వేసేస్తుంది. పెన్సిలు ఇచ్చామా, మళ్లీ పిడికిలే! ఏడాదిగా తాను ఎవరికీ చెప్పకుండా దాస్తున్న చేతి వణుకు దీనికీ వచ్చిందేమోనని ఆమెకు ఒకటే దడ.

ఆ సాయంత్రం కూతురు పిల్లమీద విసుక్కుంది. "గుండీలు అంత బాగా ఏరతావు కదే! పెన్సిలు దగ్గరే ఏం మాయరోగం నీకు?"

"అమ్మమ్మ సుద్ద ఇలాగే పట్టుకుంటుందిగా! ఇలా పట్టుకుంటే చెయ్యి ఊగదమ్మా," అంది పిల్ల.

కత్తిరింపు బల్ల దగ్గర, అమ్మమ్మ గుడ్డ మీద సుద్దతో గీస్తున్న గీత సగంలో ఆగిపోయింది. కూతురు లేచి వచ్చి పక్కన నిలబడింది.

"అమ్మా, ఏదీ, ఆ సుద్ద వేళ్లతో పట్టుకో చూద్దాం."

అమ్మమ్మ పిడికిలి ఇంకా బిగించింది.