ఆరబెట్టిన జిరాక్స్

మా బిడ్డ సరోజ డిగ్రీలో ఫస్ట్ క్లాస్ తెచ్చుకుంది. ఈ రోజు నా కాళ్లు నేల మీద లేవు. ఉద్యోగం దరఖాస్తుకని వరంగల్ చౌరస్తాలో మెమో జిరాక్స్ తీయించాం. కాగితం వేడిగా రాగానే అక్షరాలు అలుక్కుపోతాయని అంచు పట్టి గాలికి ఆరబెట్టాను. నలభై ఏళ్లు నూలుకు రంగులు వేసిన చేయి కదా.

"తడి ఉంటే కదనే బాపూ ఆరేది? జిరాక్స్ మాట పుట్టిందే గ్రీకు భాషల పొడి అనే మాటకెల్లి."

"నీళ్లు లేకుంట రంగెట్ల అంటుకుంటది బిడ్డా?"

"పొడి సల్లి వేడితోని అతికిస్తరట."

నాకు సగమే అర్థమైంది. అసలు మెమో వెలిసిందేమోనని భయంతో రెండుసార్లు చూశాను. ఫస్ట్ క్లాస్ అలాగే ఉంది. ఇంకో నాలుగు తీయించి వాడకట్టులో పంచాను. తెలిసినవారు చెప్పండి, నీళ్లు తాగని రంగు ఎన్నేళ్లు నిలుస్తుంది?